ద్వీపాంతరవాసి జీవిక: తెలుగు సాహిత్యము వినని సగము మాట

'ద్వీపాంతరవాసము' అను సమాసము మన న్యాయస్థానముల భాషలోనికి వచ్చి రెండు శతాబ్దములు కావచ్చినది. దాని నిర్మాణమును పరిశీలించిన నొక విశేషము కానవచ్చును. ఇందు దండన మను నర్థమును దెలుపు పదము లేదు. ద్వీపాంతరము అనగా మఱియొక ద్వీపము. వాసము అనగా నివసించుట. మఱియొక ద్వీపమున నివసించుట యనుటయే ఈ మాటకు వాచ్యార్థము. కాని మన కావ్యములును నాటకములును నవలలును ఈ సమాసమున పూర్వపదమును మాత్రమే వినినట్లు తోచుచున్నది. నేరము చేసినవాడు ఓడ యెక్కుటతో కథ ముగియును. అతడచట ఏమి తినెను, ఏ పని నేర్చెను, ఎవరితో కాపురము చేసెను అను ప్రశ్నలు ఉత్తరపదమునకు సంబంధించినవి. వానిని అడుగు అలవాటు మన సాహిత్యమునకు లేదు, మన విమర్శకును లేదు. ఈ లోపమునకు గల కారణమును విచారించుటయే ప్రస్తుత వ్యాసోద్దేశము.

విచారణకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతమును ఆధారముగా గ్రహించితిమి. ఈ మూడును నేడు 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. 1800లో నిజాము ఈ సీమను కంపెనీవారికి దత్తము చేసెను. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువఱకు ఇవి బళ్లారి జిల్లాలోనే యుండెను. కావున పందొమ్మిదవ శతాబ్దమున ఈ యూళ్లవానికి ఘోరశిక్ష పడినచో దానికి మార్గము బళ్లారి న్యాయస్థానము మీదుగనే. సముద్రము నెన్నడును చూడని మెట్ట సీమ యిది. ఇట్టి సీమవానికి 'ద్వీపాంతరము' అను మాట ఎంత భయంకరముగ వినబడియుండునో ఊహింపవచ్చును.

మొదట నొక పొరపాటును సవరింపవలసియున్నది. ద్వీపాంతరమనిన అండమానే యను భావము మనలో స్థిరపడిపోయినది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరుల ప్రసంగము వచ్చినపుడు గూడ కొందఱు అండమాను పేరు చెప్పుదురు. ఇది కాలవిరుద్ధము. 1789లో అండమానున నెలకొల్పిన తొలి నివాసము 1796లోనే ఎత్తివేయబడినది. పోర్టుబ్లెయిరులో దండితుల నివాసము ఏర్పడినది 1858 మార్చిలో. అంతకుముందు చెన్నపురి రాజధాని నుండి దండితులను పంపినది బెంకూలెను, పినాంగు, మలాకా, సింగపూరు, తెనాసరిము తీరము మొదలగు చోట్లకు. ఆంగ్లేయులు బెంకూలెనును డచ్చివారికి విడిచినపుడు అచటి దండితులు సింగపూరునకు తరలింపబడిరి. 1825 ఏప్రిల్ 18న సింగపూరున దిగిన మొదటి జట్టు ఎనుబది మందిది. వారందఱును చెన్నపురి రాజధాని నుండి శిక్షితులై వచ్చినవారే. వారము గడచిన పిదప వంగదేశపు దండితుల జట్టు చేరినది. సింగపూరున భారతీయ దండితుల చరిత్ర దక్షిణాదివారితో ఆరంభమైనదనుట మన పరిశోధకులు గుర్తింపవలసిన విషయము.

అచటి జీవితమును గూర్చి విపులముగ చెప్పు గ్రంథము మేజరు మెక్‌నేరు 1899లో ప్రకటించిన 'ప్రిజనర్స్ దెయిర్ ఓన్ వార్డర్స్'. బందీలే తమ కావలివారు అని దాని పేరునకు అర్థము. దండితులపై అధికారిగ నుండి, భవనములు కట్టించిన యింజనీరాయన. దండితులు ఆరు తరగతులుగ విభజింపబడిరి. క్రొత్తగ వచ్చినవాడు సంకెలతో రోడ్డుపని చేయును. నడత బాగున్నచో క్రమముగ పై తరగతికి పోవును. రెండవ తరగతిలోని వారిలో కొందఱు తమవంటి వారిపైననే మేస్త్రీలుగ నియమింపబడుదురు. ఈ మేస్త్రీకి వాడిన పేరు 'టిండాలు'. మన తీరమున పడవ పనివారి పెద్దకు చెల్లు 'తండేలు' శబ్దమే యిది. మొదటి తరగతివాడు అనుమతి చీటీ పొంది, ఊరిలో స్వతంత్రముగ బ్రతుకవచ్చును. బండి తోలుట, ఆవులను పెంచి పాలమ్ముట, కూలి, చిల్లర వర్తకము — ఇవి యట్టివారి జీవికలు.

ఈ దండితుల పనితనమునకు సాక్ష్యము నేటికిని నిలిచియున్నది. 1862లో ప్రతిష్ఠితమైన సింగపూరు సెయింట్ ఆండ్రూస్ దేవాలయము వారు కట్టినది. దాని గోడలకు పూసినది 'మద్రాసు సున్నము'. గుల్లసున్నమున కోడిగ్రుడ్ల తెల్లసొనయు ముతక చక్కెరయు కలిపి నూరి, కొబ్బరిపీచు నానవేసిన నీటితో పదను చేసి, ఆఱిన పిదప నునుపురాతితో మెరయించిరి. ఈ విధానమును చదివినపుడు మన బేల్దారుల గచ్చుపని జ్ఞప్తికి రాక మానదు. సున్నపు గానుగయు బెల్లపు నీరును ఎఱిగిన సీమవారికి ఇది పరాయి విద్య కాదు. 1867-69 సంవత్సరములలో లేచిన ప్రభుత్వ భవనము, నేటి సింగపూరు అధ్యక్షుని నివాసము, గూడ దండితుల చేతిపనియే. 1873లో అచటి దండిత నివాసము మూతపడి, మిగిలిన వారిలో కొందఱు అండమానునకు పంపబడిరి.

అండమానున ఈ పద్ధతి మఱింత కట్టుదిట్టమైనది. సెల్యులరు కారాగారము 1906లో పూర్తియైన తరువాతి క్రమము ఇట్లుండెను: యావజ్జీవ దండితుడు మొదట ఆఱు నెలలు ఏకాంతవాసము, పిదప కొంతకాలము సామూహిక కారాగారవాసము, ఆపై వేతనము లేని కూలి, అటుపిమ్మట స్వల్పవేతనముతో పని చేయవలెను. పది సంవత్సరములు మంచి నడతతో గడిపినచో 'స్వయంపోషకుడు' అను చీటీ లభించును. అప్పుడతడు పల్లెలో ఇల్లు కట్టుకొని పొలము దున్నుకొనవచ్చును; పశువులను పెంచవచ్చును; స్వదేశమునుండి భార్యను రప్పించుకొనవచ్చును, లేదా అచటనే శిక్ష ననుభవించుచున్న స్త్రీని అనుమతితో వివాహమాడవచ్చును. ఆరంభమున సర్కారు కొంత సహాయము చేయును. తరువాత నతడే పన్ను చెల్లించును. కాని ద్వీపమును విడుచుటకు వీలులేదు. సోమరిగ నుండుటకు వీలులేదు. సంపాదించిన దానిపై పౌరునికి గల హక్కును అతనికి లేదు.

ఇట నొక వైపరీత్యమును గమనింపుడు. అనంతపురము సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పోర్టుబ్లెయిరులో సుమారు 3000. 1876-78లో ధాత సంవత్సరమున పుట్టిన కరువు బళ్లారి జిల్లాను మాడ్చినది. ధాన్యపు దోపిడులు పెచ్చుపెరిగినవి. మద్రాసు రాజధానిలో కరువునకును బందిపోటునకును గల సంబంధమును చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డు 1979 నాటి వ్యాసమున నిరూపించెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 395వ విధి బందిపోటునకు యావజ్జీవ ద్వీపాంతరవాసమును విధించుటకు అవకాశమిచ్చెను. చెఱువెండి గింజ దొరకని రైతుకూలి ఇతరుల గాదెను కొల్లగొట్టెను అనుకొందము. చట్టము వానిని సంవత్సరమున సగము దినములు వాన గురియు దీవికి పంపి, పది యేండ్లు చాకిరి చేయించుకొని, చివరకు వరిపొలము నిచ్చును. నేరమునకు ముందు దొరకని నేల, నేరమునకు శిక్షగ దొరకినది. ఇంతటి కథావస్తువు మఱియొకటి కలదా? అయినను మన సాహిత్యము దీనిని ముట్టలేదు.

ఏల ముట్టలేదు? పాపి కథ మనకు లేక కాదు. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ యున్నాడు. తల్లిదండ్రుల సొమ్మును, అక్క నగలను దొంగిలించి ఇల్లు విడిచినవాడు, దారిలో తానును దోపిడికి గురియైనవాడు. శ్రీనాథుని కాశీఖండమున గుణనిధి యున్నాడు. జూదరి, ఇంటిదొంగ, చివరకు శివాలయమున నైవేద్యమును దొంగిలింప జొచ్చినవాడు. ఇద్దఱును తరించిరి. నిగమశర్మను క్షేత్రమహిమ తరింపజేసినది. గుణనిధిని తెలియక చేసిన దీపసేవ తరింపజేసినది. ఇద్దఱిలో నెవ్వడును కష్టించి తరింపలేదు. మన కావ్యధర్మమున పాపమునకు విరుగుడు భగవదనుగ్రహము. చేతిపనిచే మనుష్యుడు మరల మనుష్యుడగునను భావన ఈ కథాచట్రమున ఇముడదు. ఇది దోషమని మేము చెప్పుటలేదు. అనుగ్రహము గొప్ప భావనయే. కాని అనుగ్రహమునకు కాలముతో పనిలేదు. ఒక్క క్షణము చాలును. ద్వీపాంతరవాసికి పది యేండ్లు, ఇరువది యేండ్లు కావలెను. క్షణమును వర్ణించు నేర్పు గల కావ్యమునకు, దినదినమును పేర్చి చెప్పవలసిన యీ జీవితము వస్తువు కాలేదు.

ప్రవాసకథలు గూడ మనకు కొల్లలుగ గలవు. ధర్మవరమును ఇంటిపేరుగ గల ఆంధ్రనాటక పితామహుడు రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్లారిలో న్యాయవాది. ద్వీపాంతరశిక్షలు అమలులో నున్న కాలమున నల్లకోటు ధరించినవాడు. ఆయన రంగస్థలమునకు తెచ్చిన ప్రవాసి నలుడు, దండితుడు సారంగధరుడు. సారంగధరుడు నిర్దోషి. నలుడు జూదమున రాజ్యమును పోగొట్టుకొనినను నేరస్థుడు కాడు. అయినను ద్వీపాంతరవాసికి మన వాఙ్మయమున మిక్కిలి సన్నిహితుడు నలుడేయని మా యభిప్రాయము. అతడు రూపము మాఱి, పేరు మాఱి, బాహుకుడై ఋతుపర్ణుని కొలువున గుఱ్ఱములను తోలి, వంట చేసి, పరుల కూడు నిజాయితీగ తినెను. ఈ ఘట్టమును మనము రాజు పడిన కష్టముగ బోధింతుము. అది పనివాని నేర్పు గూడ అని బోధింపము. ఏలయన నలునకు స్వరూపము తిరిగి వచ్చునని మనకు ముందే తెలియును. దండితునకు ఆ కర్కోటకుని వస్త్రము లేదు. అతడు జీవితాంతము బాహుకుడే.

ఆధునిక కాలమున కారాగారమును తెలుగు నవలలోనికి తెచ్చిన ఘనత ఉన్నవ లక్ష్మీనారాయణగారిది. ఆయన రాయవేలూరు చెఱలో రచించిన మాలపల్లి 1922లో వెలువడినది. అందలి వెంకటదాసు ధనికుల సొత్తును దోచి పేదలకు పంచును. మనిషి నేరమునకు దిగుటకు గల సాంఘిక హేతువును ఈ నవల చూపినంత స్పష్టముగ ఆ కాలమున మఱియే తెలుగు నవలయు చూపలేదు. అయినను అది నేరమునకు ముందటి న్యాయము నడుగును; శిక్షకు తరువాతి బ్రతుకు దాని వస్తువు కాదు.

ఆంగ్లనవల ఈ విషయమున ఒక యడుగు ముందు వేసినది. డికెన్సు 1860-61లో ప్రకటించిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో మాగ్విచ్చు న్యూసౌత్‌వేల్సునకు పంపబడి, గొఱ్ఱెలను పెంచి, న్యాయముగ ధనము గడించును. ఆ ధనముతో ఒక కమ్మరివాని యింటి పిల్లవానిని దొరబాబును చేయును. తన్ను చదివించినది దండితుని సొమ్మని తెలిసిన నాడు ఆ పిల్లవాడు అసహ్యించుకొనును. నవలకు ప్రాణమిదియే. సొమ్ము న్యాయార్జితమే, మనిషి మాత్రము మచ్చగలవాడు. తినిన కూటికి లేని మలినము పెట్టిన చేతికి అంటియున్నది. అయితే డికెన్సు గూడ అతని సంపాదన కాలమును చూపలేదు. నాలుగు మాటలలో చెప్పించి ఊరకున్నాడు. దండితుడు వలసలో బాగుపడవచ్చును గాని స్వదేశమునకు తిరిగి రారాదు అను సామ్రాజ్యనీతి ఈ కథలో నున్నదని ఎడ్వర్డ్ సయీదు 1993లో చేసిన విమర్శ సముచితమైనది. మాగ్విచ్చు తిరిగివచ్చిన ఫలితముగ పట్టుబడెను. అతని యాస్తి సర్కారు వశమయ్యెను. అండమాను స్వయంపోషకునకు ఆస్తిహక్కు లేకుండుటయు, మాగ్విచ్చు ధనము పోవుటయు ఒకే తర్కమునకు రెండు ముఖములు.

ఇక ఆధార గ్రంథముల విషయము. మెక్‌నేరు పుస్తకమును చదువు విద్యార్థి ఒక జాగ్రత్త వహింపవలెను. అది పాలకుడు తన పాలనను మెచ్చుకొనుచు వ్రాసినది. దండితుడు బాగుపడెనని చెప్పుటలో తాను బాగుచేసితినని చెప్పుట యిమిడియున్నది. రోడ్లు, దేవాలయములు, దీపస్తంభములు వేతనము లేని చాకిరితో లేచినవి. ఆ చాకిరిని 'సంస్కారము' అని పిలిచినంత మాత్రమున దాని లాభము ఎవరికి చేరెనను ప్రశ్న మాసిపోదు. ఇందులకు భిన్నమైనవి రాజకీయ ఖైదీల రచనలు. బారీంద్రకుమార ఘోషు, సావర్కరు మొదలగువారు తమ అండమాను బాధలను వ్రాసిరి. అవి అమూల్యములు. కాని వానిలో సాధారణ దండితుడు తఱచుగ క్రూరుడైన టిండాలుగనో జమాదారుగనో కనబడును. అధికారికి అతడు సంస్కార నిదర్శనము. దేశభక్తునకు అధికారి చేతి కఱ్ఱ. రెండు చోట్లను అతడు ఇతరుల కథలోని పాత్ర. ఈ రెండు చూపులను ఎదురెదురుగ నుంచి చదివినప్పుడే మూడవ మనిషి, అనగా ప్రొద్దున లేచి ఎద్దులకు మేత వేసి పొలమునకు పోవువాడు, మనకు కానవచ్చును.

ఇట నొక యాక్షేపము రావచ్చును. దొంగను, హంతకుని ఇంత సానుభూతితో చూచినచో వానిచే నష్టపడిన వాని మాటయేమి? ఆక్షేపము న్యాయమైనదే. పోయిన ప్రాణమును అండమాను వరిపంట తిరిగి తేదు. దండితుని వీరునిగ చేయుట మా యుద్దేశము కాదు; ప్రతి బందిపోటును తిరుగుబాటుదారునిగ వ్యాఖ్యానించు నేటి వాడుకతోను మేము ఏకీభవింపము. నేరము నేరమే. కాని తీర్పు చెప్పువాడు న్యాయాధికారి. విమర్శకుని పని అది కాదు. ఒక మనిషి తాను చేసిన పనిని ఆజన్మము మోయుచు, రెండవ పనిని నేర్చుకొని, దానిచే బ్రతికెను. మొదటి పనికి శిక్షాస్మృతిలో పేరున్నది. రెండవ దానికి పేరు పెట్టవలసినది సాహిత్యమే.

నేరమే చేయక యిట్టి వాసమున పడినవారును మనలో గలరు. నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వర్తింపజేయబడినది. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము ఎఱుకల నివాసముగ ఏర్పడినది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థకు అప్పగింపబడినది. చిలకలూరిపేటకో చీరాలకో పోవలెనన్నను అనుమతి చీటీ కావలసిన బ్రతుకది. మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథము ఈ నివాసములలో సంస్కారము పేర సాగిన కూలి వ్యవస్థను వివరించినది. అండమాను దండితుడు చేసిన పనికి శిక్షింపబడెను. స్టూవర్టుపురపు బిడ్డ పుట్టుటకే శిక్షింపబడెను. ఒకనికి సముద్రము ఎల్ల, మఱియొకనికి హాజరుపట్టీ ఎల్ల. ఈ రెంటిని ఒకే పేరున కలుపరాదు. కాని ప్రక్కప్రక్కన నుంచి చదువకయు ఉండరాదు.

తెలుగు శాఖలవారికి విశేషముగ సంబంధించిన నష్టము మఱియొకటి కలదు. అండమాను స్వయంపోషకుల సంతతివారిని 'లోకల్‌బార్న్' అందురు. పంజాబీయులు, వంగీయులు, తమిళులు, తెలుగువారు మొదలగు వారి రక్తము వారిలో కలిసినది. కులభేదము చాలవఱకు కరగిపోయినది. వారి యింటిభాష హిందూస్థానీ యయ్యెను. నేడు ఆ ద్వీపములలో తెలుగు మాట విరివిగ వినబడును గాని, ఆ మాటలాడువారిలో అధికులు 1947 తరువాత ఉత్తరకోస్తా జిల్లాలనుండి వెళ్లినవారు. దండితుడు కూడు సంపాదించుకొనెను. భాషను బిడ్డలకు ఇయ్యలేకపోయెను. అతని భార్య వేఱొక భాష మాటలాడును. పొరుగువాడు ఇంకొక భాష మాటలాడును. జీవికకు అతడు చెల్లించిన పన్నులలో ఇది మిక్కిలి పెద్దది. సర్కారు లెక్కలలో ఇది చేరదు.

1955లో చేసిన సవరణ 1956 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, శిక్షాస్మృతిలో 'ద్వీపాంతరవాసము' అను చోట 'యావజ్జీవ కారాగారవాసము' అను మాటను చేర్చినది. ఆ శిక్షాస్మృతియే 2024 జూలై 1న భారతీయ న్యాయసంహితకు చోటు విడిచినది. చట్టమునకు ఈ మాటతో పని తీఱినది. కావున ఇక దీనిని కాపాడవలసినది నిఘంటువును సాహిత్య విమర్శయును.

పరిశోధక విద్యార్థులకు మా సూచన లివి. నలచరిత్రలోని బాహుకఘట్టమును, హరిశ్చంద్రుని కాటికాపరి వృత్తిని దాస్యమున జీవికయను దృష్టితో మరల చదువవలెను. నిగమశర్మ, గుణనిధి కథలలో అనుగ్రహమునకును శ్రమకును గల సంబంధమును పరిశీలింపవలెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము గ్రామములలో కరువు పాటలను సేకరించువారు, ఊరు విడిచి తిరిగిరానివారిని గూర్చి వృద్ధులు ఏమి చెప్పుదురో గూడ అడుగవలెను. పెనుకొండ శిథిలములను చూచి పుట్టపర్తి నారాయణాచార్యులుగారు తొలి ప్రాయమున 'పెనుకొండలక్ష్మి' రచించిరి. కోటను ఏలినవారికి తెలుగున కావ్యము దక్కినది. గచ్చు నూరినవారికి దక్కలేదు. ఆ నూరినవారిలో పేదఱికముచేతనో కోపముచేతనో తప్పు చేసి, మఱియొక ద్వీపమున మరల గచ్చు నూరి బ్రతికినవానికి అసలే దక్కలేదు. ద్వీపాంతరమను పదమునకు మనము ఇచ్చిన శ్రద్ధను వాసమను పదమునకు గూడ నిచ్చిననాడు ఆ కొఱత తీఱుటకు ఆరంభమగును.